పాత వాల్వు రేడియో కొంటున్నారా? తెచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టకండి

పోయిన నెల ఆన్‌లైన్‌లో ప్రకటన చూసి ఒక వాల్వు రేడియో, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో (వాల్వులతో) పనిచేసే పాత సెట్టు, కొన్నాను. చెక్క పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, మూలన స్టేషన్ సరిగ్గా కుదిరిందో లేదో చూపించే పచ్చ కన్ను, మ్యాజిక్ ఐ. అచ్చం మా తాతయ్య దగ్గర ఉండే సెట్టులా ఉందని మనసు పడ్డాను. "ఇరవై ఏళ్లుగా అటక మీదే ఉంది సార్, ఫుల్ వర్కింగ్, ప్లగ్గు పెడితే పాడుతుంది" అన్నాడు అమ్మినాయన. వీడియో పంపమన్నాను. డయల్ లైటు వెలుగుతున్న ఎనిమిది సెకన్ల వీడియో వచ్చింది. పన్నెండు వేలు కట్టేశాను.

డయల్ లైటు వెలిగినంత మాత్రాన రేడియో బాగున్నట్టు కాదు. దానికి ఆరేడు వోల్టులు చాలు. మ్యాజిక్ ఐ అలా కాదు, హై వోల్టేజీ అందితేనే పచ్చగా వెలుగుతుంది. ఆ వీడియోలో అది నల్లగానే ఉంది. వాల్వులు వేడెక్కకముందే ఆపేశాడు. నేను అది గమనించలేదు.

ఇంటికి తెచ్చి నేరుగా 230 వోల్టుల సాకెట్లో పెట్టాను. అర నిమిషానికి స్పీకర్లోంచి గుయ్‌మని మోత. పచ్చ కన్ను మసగ్గా వెలిగి ఆరిపోయింది. మైనం కాలుతున్న వాసన, వెనక అట్ట చిల్లుల్లోంచి పొగ. పరుగెత్తి గోడ స్విచ్చు ఆపాను. మెకానిక్ విప్పి చూస్తే కరెంటు హెచ్చుతగ్గులను సమం చేసే ఫిల్టర్ కండెన్సర్ షార్టు, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఫ్యూజ్ ఉండాల్సిన చోట ఎవరో రాగి తీగ చుట్టి పెట్టారు.

ఆ కండెన్సర్లో అల్యూమినియం రేకు మీద చాలా పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది. కరెంటును అడ్డుకునేది ఆ పొరే. ఏళ్ల తరబడి వోల్టేజీ తగలకపోతే అది దెబ్బతింటుంది, లోపలి తడి కూడా ఆరిపోతుంది. దాని మీద ఒక్కసారిగా 250, 300 వోల్టులు పడితే లీకై, వేడెక్కి షార్టవుతుంది, ఒక్కోసారి పేలుతుంది. కొత్త కండెన్సర్ వందల్లో దొరుకుతుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను మాత్రం మళ్లీ చుట్టించుకోవాల్సిందే.

అందుకే కొనేముందు "ప్లగ్గు పెట్టి చూపించండి" అని అడగకండి. ఆ పరీక్షతోనే సెట్టు కాలిపోవచ్చు. వెనక అట్ట తీసి ఫొటోలు పంపమనండి. ఉబ్బిన కండెన్సర్, కారిన మైనం, పెళుసెక్కిన రబ్బరు వైరు, ఎలుకలు కొరికిన గుర్తులు, ఫ్యూజ్ చోట తీగ, అన్నీ అందులోనే కనిపిస్తాయి.

తెచ్చాక ముందు మెకానిక్‌తో ఫిల్టర్ కండెన్సర్లు, పాత పేపర్ కండెన్సర్లు మార్పించండి. మొదటిసారి సిరీస్ బల్బుతోనే, అంటే రేడియోకి వెళ్లే కరెంటు ముందు ఒక బల్బు గుండా వెళ్లేలా కలిపి, ఆన్ చేయించండి. 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే మంచిదే. అలాగే పూర్తిగా వెలుగుతూ ఉంటే లోపల షార్టున్నట్టే, వెంటనే ఆపేయాలి.

సిరీస్ బల్బు ఉన్నంత మాత్రాన షాక్ కొట్టదనుకోవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ-డీసీ సెట్లలో లోపలి లోహపు చట్రానికే (ఛాసిస్‌కే) మెయిన్స్ కరెంటు తగిలి ఉండొచ్చు. ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో ఛార్జి నిలిచి ఉంటుంది. పని తెలియకపోతే లోపల చెయ్యి పెట్టొద్దు, దయచేసి.

అమ్మినాయన ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. నిన్న అదే బల్ల మీద పెట్టి తీసిన ఇంకో రేడియో ప్రకటన కనిపించింది. ఆ వీడియోలో కూడా డయల్ లైటు ఒక్కటే వెలుగుతోంది, కన్ను నల్లగానే ఉంది.