రెండు దారులున్న నిల్వ పెట్టె: స్కాన్ సెంటర్‌లో డెల్ పవర్‌వాల్ట్ ఎంఈ5012

విజయవాడ సూర్యారావుపేటలోని మా స్కాన్ సెంటర్‌లో సీటీ, ఎంఆర్‌ఐ చిత్రాలను భద్రపరచడానికి డెల్ పవర్‌వాల్ట్ ఎంఈ5012 అనే డిస్కుల పెట్టెను ఎస్‌ఏఎస్ (సర్వర్లకు డిస్కులను కలిపే ఒక పద్ధతి) కేబుళ్లతో నేరుగా సర్వర్లకు కలిపి వాడుతున్నాం. ఇందులో 3.5 అంగుళాల డిస్కులు 12 పడతాయి. వేగం మా పనికి సరిపోతోంది. కొనేవారు శ్రద్ధగా చూడవలసింది డిస్కు నుంచి సర్వర్ వరకు సాగే దారులను.

మామూలు కంప్యూటర్లలో వాడే సాటా రకం డిస్కుకు డేటా పోర్టు ఒక్కటే ఉంటుంది. ఎస్‌ఏఎస్ డిస్కుకు రెండుంటాయి. పెట్టెలో డిస్కులను నడిపే కంట్రోలర్లు రెండు తీసుకుంటే ఒక్కో పోర్టు ఒక్కో కంట్రోలర్‌కు చేరుతుంది. అందువల్ల ఒక కంట్రోలర్ చెడిపోయినా, ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) మార్చడానికి దాన్ని ఆపినా, అవే డిస్కులను రెండవది అందిస్తుంది. ఇంకా డిస్కుకు చేరని డేటా పోకుండా కంట్రోలర్లు తమ క్యాష్‌ను (తాత్కాలిక మెమరీని) పరస్పరం నకలు చేసుకుంటాయి. డిస్కు పోతే రెయిడ్ (డేటాను పలు డిస్కులపై రక్షణతో పరిచే పద్ధతి) ఆదుకుంటుంది గాని, దారి తెగితే అది ఏమీ చేయలేదు. ఈ తేడాను కొటేషన్ ఇచ్చేవారు విడమరచి చెప్పాలని నేను గట్టిగా కోరుకుంటాను.

పెట్టె బాగున్నా అమరిక బాగుండాలి. మాకు దీన్ని బిగించిన స్థానిక సంస్థ కేబుళ్లను రెండు కంట్రోలర్లకూ ఇచ్చింది కాని, సర్వర్ వైపు రెండింటినీ ఒకే హెచ్‌బీఏ కార్డుకు (సర్వర్‌లో ఈ కేబుళ్లను అందుకునే కార్డు) గుచ్చి, రెండు పవర్ సప్లైలనూ ఒకే యూపీఎస్‌కు కలిపింది. ఆ కార్డు కాలినా, ఆ యూపీఎస్ ఆగినా రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. పట్టుబట్టి రెండవ కార్డు వేయించాం, రెండవ యూపీఎస్ పెట్టించాం.

సర్వర్‌లోని లినక్స్‌లో, రెండు దారులనూ ఒకటిగా చూపే మల్టీపాత్ సేవను అమర్చకపోతే, ఒకే వాల్యూమ్ (పెట్టెలోంచి సర్వర్‌కు కేటాయించిన నిల్వ భాగం) రెండు వేర్వేరు డిస్కులుగా కనిపిస్తుంది. వాటిలో ఒకదాన్ని నేరుగా మౌంట్ చేస్తే (వాడకానికి తెరిస్తే), ఆ దారి కేబుల్ ఊడినప్పుడు రెండవ దారి ఉండి కూడా అక్కరకు రాదు. సేవ అమర్చిన తరువాత, చిత్రాలు రాస్తుండగా ఒక కేబుల్ తీయించి చూశాం. రాత కొద్ది క్షణాలు ఆగి, మళ్లీ కొనసాగింది. ఈ పరీక్ష చేసి చూపించనిదే బిల్లు చెల్లించవద్దని నా సలహా. రెండు కేబుళ్లున్నాయి కదా అని ఒక వాల్యూమ్‌కు రెట్టింపు వేగం వస్తుందనుకోకూడదు. దాన్ని మామూలుగా ఒక కంట్రోలరే నడుపుతుంది, రెండవ దారి ప్రధానంగా ఆపదకు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలోని సింగ్‌నగర్‌ను ముంచెత్తింది. అలాంటి నీటిలో మునిగితే రెండు కంట్రోలర్లూ ఒకే పెట్టెతో పోతాయి కనుక, మరో నకలును గుంటూరులో ఉంచుతున్నాం. ఆ ఖర్చును మొదటి బడ్జెట్‌లోనే చేర్చుకోవాలి.

రెండు మూడు సర్వర్లున్న ఆసుపత్రులకు, స్కాన్ సెంటర్లకు ఈ పెట్టెను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. సర్వర్లు అంతకంటే బాగా పెరిగే చోట ఎస్‌ఏఎస్ పోర్టులు చాలవు. అక్కడ ఐస్కజీ (నెట్‌వర్క్ ద్వారా సర్వర్లకు కలిపే) రకాన్ని తీసుకొని, రెండు వేర్వేరు నెట్‌వర్క్ స్విచ్‌లకు కూడా డబ్బు కేటాయించాలి.