శామీర్‌పేట ఒక్కటి చాలా, సిడ్నీ దాకా వెళ్లాలా?

ఒక ప్రాంతం అర్థం కావాలంటే మానవశాస్త్రవేత్త అక్కడే మకాం వేయాలా, అక్కడి మనుషుల వెంట దేశాలు తిరగాలా? రెండిటికీ మన దగ్గరే ఉదాహరణలున్నాయి.

మానవశాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే 1951-52లో ఉస్మానియా బృందంతో హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటలో దిగారు. వ్యవసాయం, వైద్యం, పశువైద్యం తెలిసినవాళ్లూ వెంట ఉన్నారు. కులాలు, పెళ్లిళ్లు, పండుగలు, తిండి... ఊరంతా ఆయన 1955 నాటి పుస్తకం 'ఇండియన్ విలేజ్'లో కనిపిస్తుంది.

చైనాకు చెందిన మానవశాస్త్రవేత్త శియాంగ్ బియావ్ ఊరిని కాదు, వలసల గొలుసును పట్టుకున్నారు. హైదరాబాద్‌లోనూ సిడ్నీలోనూ తిరిగి, ఐటీ కుర్రాళ్లను అద్దెకిచ్చే కన్సల్టెన్సీల గురించి 2007లో పుస్తకం తెచ్చారు. ప్రాజెక్టు దొరక్క 'బెంచ్' మీద కూర్చున్న కుర్రాడు ఒక కొసన, ఐటీ చదువులకు ఆసరా అయిన కట్నం సొమ్ము ఇంకో కొసన. ఒక్క ఊళ్లోనే కూర్చుంటే ఈ లంకె సగమే కనపడేది.

అలాగని దూబే పద్ధతి పాతబడిందంటే నేనొప్పుకోను. గొలుసు వెంట పరిగెత్తేవాడికి, విమానం ఎక్కని ఇంటి పక్కవాళ్లు దారిలో తగలరు కదా! వలసల సంగతైతే నా ఓటు శియాంగ్‌కే. చెరువు నీళ్ల తగాదా తేల్చాలంటే మాత్రం ఊళ్లో ఏడాదైనా కాపురం పెట్టాల్సిందే.