1978 నాటి నైలెక్స్ చీర: ఇన్నేళ్ళు కట్టాక నా మాట

ఈమధ్య కాలేజీల్లో ‘రెట్రో డే’ అంటే చాలు, పెద్ద పూల చీరలు, మోచేతుల దాకా జాకెట్లు, రెండు జడలు దిగిపోతున్నాయి. ఫోటోల్లో ముచ్చటగానే ఉంటాయి. ఆ చీరలు కట్టుకుని వంటలు వండి, బస్సులెక్కి, పిల్లల్ని పెంచినవాళ్ళం ఇంకా ఉన్నాం. మమ్మల్ని మాత్రం ఎవరూ అడగరు. అందుకే రాస్తున్నాను.

నా నైలెక్స్ చీర, అంటే నైలాన్ బట్ట చీర, 1978 దసరాకి తెనాలిలో కొన్నది. 68 రూపాయలు. మావారి జీతానికి అది తేలికైన ఖర్చేం కాదు. అప్పట్లో నైలాన్, పాలియెస్టర్ బట్టల మీద ప్రభుత్వం పన్నులు దండిగా వేసేది, వాటిని డబ్బున్నవాళ్ళ సరుకు కింద చూసేవారు. మద్రాసు వెళ్ళొచ్చినవాళ్ళు బర్మా బజారులో కొన్న ‘ఫారిన్ చీర’ చూపించి గొప్పలు పోయేవారు. 1985 జౌళి విధానంతో పన్నులు తగ్గాకే ఈ రకం బట్టలు అందరికీ అందుబాటులోకి వచ్చాయి. అప్పటికి నైలెక్స్ మోజు తగ్గి, పాలియెస్టర్ రోజులొచ్చేశాయి. అది వేరే సంగతి.

మీగడ రంగు నేల మీద అరచేతంత నారింజ పూలు, చుట్టూ గోధుమరంగు తీగ. నిజానికి కొన్నప్పుడు నేల తెల్లగా ఉండేది. నైలాన్‌కున్న పెద్ద జబ్బు ఇదే, తెలుపు నిలవదు. ఎండలో ఆరేస్తే పసుపెక్కుతుంది, పక్కన రంగు పోయే బట్ట ఉంటే ఆ రంగు తాగేస్తుంది. నా చీర అంచు దగ్గర లేత గులాబీ చార ఒకటుంది. అది డిజైను కాదు, మెరూన్ జాకెట్టుతో కలిపి నానబెట్టిన పుణ్యం. పూల రంగులు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇంతకీ అప్పట్లో దీని కోసం ఎందుకంత ఎగబడ్డామో చెప్పాలి. అందం ఒక్కటే కాదు, గంజి బాధ తప్పింది. నూలు చీరలంటే ఉతకాలి, గంజిలో ముంచాలి, ఆరేయాలి, మళ్ళీ నీళ్ళు చిలకరించి అత్తగారు ఒక కొస, నేనొక కొస పట్టుకుని లాగి మడతలు పెట్టాలి. ఆదివారం పొద్దున్నంతా దానికే సరి. అంత చేసినా సోమవారం బస్సులో పది నిమిషాలు కూర్చుంటే నలిగిపోయేది. నైలెక్స్ అయితే రాత్రి బకెట్లో జాడించి దండెం మీద వేస్తే పొద్దున్నకి కట్టుకోవడమే. ఇస్త్రీ అక్కర్లేదు. నేను టీచరుగా చేరిన మొదటి రెండేళ్ళు వారానికి మూడు రోజులు ఈ చీరే. సుద్దపొడి దులిపితే పోయేది. వానలో తడిసి స్కూలుకి చేరినా రెండో పీరియడ్‌కల్లా ఆరిపోయేది. మొన్న వంటింటి కాటాలో వేస్తే 320 గ్రాములు తూగింది. ప్రయాణాల్లో సంచిలో ఓ మూలకి దూరిపోతుంది.

ఇక ఇబ్బందులు. మామూలు గాలిలో నూలు బట్ట తన బరువులో సుమారు 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, నైలాన్‌కి వచ్చేది అందులో సగమే. లెక్క అలా ఉంచండి, గుంటూరు జిల్లా మే నెలలో నైలెక్స్ కట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే తెలుస్తుంది. చెమట వీపు మీదే ఉంటుంది, చీర వీపుకి అతుక్కుని ఉంటుంది. కుచ్చిళ్ళు జారిపోతాయి. లోపల సాటిన్ లంగా వేస్తే రెండూ కలిసి జారతాయి, కాబట్టి మందపాటి నూలు లంగాయే వేయాలి. 1984లో హైదరాబాదు వచ్చాక ఇంకో వింత చూశాను. చలికాలం రాత్రి కరెంటు పోయిన గదిలో చీర మారుస్తుంటే చిటపటమంటూ సన్నటి మెరుపులు. మా చిన్నది భయపడి ఏడ్చింది.

అసలు భయపడాల్సింది నిప్పుకి. ఓసారి కిరోసిన్ స్టవ్వు మీద పాలు దించుతుంటే పైట చెంగు మంటకి తగిలింది. నూలు మండుతుంది, నైలాన్ కరుగుతుంది. కరిగిన చుక్క ఒకటి ముంజేతికి అంటుకుంది. లాగితే చర్మంతో సహా వచ్చింది. మచ్చ ఇప్పటికీ ఉంది. చెంగులో రూపాయి బిళ్ళంత చిల్లు పడింది. అంచుల్లో బట్ట గట్టిపడి, వేలితో తడిమితే సన్నటి పూసల్లా తగులుతుంది. అప్పట్నుంచి ఈ చీరతో వంటింట్లోకి వెళ్ళలేదు. మీరూ వెళ్ళకండి.

ఆ చిల్లే చీరని కాపాడింది కూడా. 90ల్లో పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇచ్చేవాడు వీధిలోకి వస్తే ఇదీ తీశాను. అతను చీరని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని గజం గజం చూశాడు. చిల్లు కనబడగానే మడిచి నా చేతిలో పెట్టి, “దీనికి గరిటె వస్తుందమ్మా, గిన్నె రాదు” అన్నాడు. నాకు రోషం వచ్చింది. గరిటెకి ఇవ్వనని లోపలికి తెచ్చేశాను. దీంతోపాటు కొన్న నూలు చీరలన్నీ బొంతలై, మసిగుడ్డలై పోయాయి. ఇది బొంతకీ పనికిరాదు, గుచ్చుకుంటుంది, నీరు పీల్చదు. కానీ చిరగదు. ఖమ్మం వైపు మొక్కజొన్న చేల చుట్టూ అడవిపందులు రాకుండా రంగురంగుల పాత చీరలు కడతారు కదా, ఎండకీ వానకీ అలా తట్టుకునే రకం ఇది.

పోయిన ఏడాది మా మనవరాలు ఆన్‌లైన్లో 899 రూపాయలకి ఒక ‘రెట్రో’ చీర తెప్పించింది. పూలు అచ్చం నా చీరలోవే అన్నట్టున్నాయి. బట్ట పాలియెస్టర్ జార్జెట్. ప్రింటు ఒకవైపే పడింది, వెనక పాలిపోయినట్టుంది. కుచ్చిళ్ళు సవరిస్తుంటే ఆ తెలుపు బయటపడుతుంది. నాలుగు ఉతుకులకి అంచు దారాలు లేచాయి. చివరికి కాలేజీకి నా చీరే కావాలంది. చిల్లు కనబడకుండా చెంగు లోపలికి మడిచి, భుజం దగ్గర పిన్ను పెట్టి, వేరే పిన్నులేవీ పెట్టొద్దని చెప్పి పంపాను. పిన్ను గుచ్చిన చోటల్లా కన్నం అలాగే ఉండిపోతుంది మరి.

సాయంత్రం వచ్చి ఫ్యాను కింద కూలబడింది. “అమ్మమ్మా, ఇది కట్టుకుని నువ్వు రోజంతా పాఠం ఎలా చెప్పావ్?” అంది. మెడంతా చెమటపొక్కులు. ఫోటోలు మాత్రం నూటయాభై తీసుకుందట.

పాత నైలెక్స్ చీర ఇంట్లో దొరికితే కట్టుకోండి, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వంట లేని రోజున. నూలు లంగా, నీడలో ఆరబెట్టడం, విడిగా ఉతకడం. అదే తీరులో కొత్తది కొనాలనుకుంటే ప్రింటు వెనకవైపు చూసి కొనండి. నాది రాత్రి జాడించి దండెం మీద వేశాను. ఎండ వచ్చేలోగా తీసేయాలి.