సగం ధరకి "ఒరిజినల్ ఇరిడియం" స్పార్క్ ప్లగ్స్ కొంటున్నారా, ఆగండి

ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. సెల్లర్ పేరు చెప్పను. సగం ధరకే ఒరిజినల్ అని పెట్టేవాళ్ళు ఎలా ఉంటారో మీకు తెలిసిందే. నాలుగు ప్లగ్స్ సెట్టు, లక్ష కిలోమీటర్ల దాకా బానెట్ ఎత్తక్కర్లేదన్నాడు. ఆరు వేల కిలోమీటర్లకే ఐడిల్‌లో వణుకు, గేర్ మార్చి తొక్కితే పికప్ లేదు, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకు. స్కానర్‌లో పీ0303, అంటే మూడో సిలిండర్ మిస్‌ఫైర్, అందులో పెట్రోలు సరిగ్గా మండట్లేదు. ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్‌ని ఒకటో సిలిండర్ దానితో మార్చినా కోడ్ మూడులోనే ఉంది, అంటే తప్పు కాయిల్‌ది కాదు.

ప్లగ్ విప్పితే పింగాణీ మీద వెంట్రుకంత పగులు, దాని వెంట నల్లటి గీత. స్పార్క్ మొన దాకా పోకుండా పక్క నుంచే బాడీకి దూకుతోందన్నమాట. అసలు ఇరిడియం మొన 0.4 నుంచి 0.6 మిల్లీమీటర్లు, సూదిలా ఉంటుంది. దీనిది మామూలు నికెల్ ప్లగ్ లాగా మొద్దుగా ఉంది, పైన మెరుగు మాత్రం భేషుగ్గా పెట్టారు!

ఫొటోలు పంపితే "మీ మెకానిక్ ఎక్కువ బిగించి పగలగొట్టుంటాడు, వాడిన సరుకు వాపసు తీసుకోం" అన్నాడు. టార్క్ రెంచ్‌తో 25 న్యూటన్ మీటర్లకే బిగించామని చెప్పాను. దానికి వచ్చిన జవాబు: "ఆ రేటుకి ఒరిజినల్ ఎలా వస్తుందనుకున్నారు సార్?"

అదే సెల్లర్, అదే పేజీ, పైన ఇంకా "నూరు శాతం ఒరిజినల్" అనే ఉంది. మొత్తం బేరంలో అతను పలికిన నిజం ఆ రేటుకి ఒరిజినల్ రాదన్న జవాబొక్కటే. తప్పు నాదీ ఉంది. డబ్బా తెరవగానే వాషర్ చేతిలోకి ఊడి వచ్చింది. అసలుదానికి వాషర్ మరల మీద వదులుగా తిరుగుతుంది గానీ ఊడిరాదు. సందు కొలిచే ఫీలర్ గేజ్ పెడితే నాలుగింటికీ స్పార్క్ దూకే గ్యాపు నాలుగు రకాలుగా ఉంది. అది చూసి కూడా బిగించిన తెలివికి దండం పెట్టాలి.

ఎప్పుడు మార్చాలని అడిగేవాళ్ళకి: నికెల్‌వి సుమారు 30 నుంచి 50 వేల కిలోమీటర్లు, ఇరిడియం, ప్లాటినం లక్ష దరిదాపుల్లో. మీ బండి మాన్యువల్లో ఏముంటే అదే ఖాయం. హీట్ రేంజ్ నంబరు, అంటే ప్లగ్ ఎంత వేడిని బయటికి పంపుతుందో చెప్పేది, అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. ఇరిడియం మొనని వంచి గ్యాప్ సరిచేయాలని చూడకండి, విరుగుతుంది. లైటు మిణుకుతుంటే బండి నడపొద్దు, కాలని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి పోయి, పొగని శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అది ప్లగ్స్ ఖర్చుతో పోయేది కాదు.

ఇంజిన్ చల్లారాకే విప్పండి, వేడి మీద తిప్పితే అల్యూమినియం హెడ్‌లో మరలు లేచిపోతాయి.