ప్రాణంలా చూసుకున్న సైకిల్: కాలేజీకి తీసుకెళ్లడం మేలా, ఇంట్లో ఉంచడం మేలా?

ఈ ప్రశ్నకు అన్ని కాలేజీలకూ సరిపోయే జవాబు లేదు. ముందు చూడాల్సింది క్యాంపస్ ఎంత పెద్దదని. వరంగల్ ఎన్ఐటీ సుమారు 250 ఎకరాలు. హాస్టల్ నుంచి క్లాసుకు కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోవచ్చు. ఐఐటీ మద్రాస్ 600 ఎకరాలు దాటుతుంది కానీ లోపల బస్సులు తిరుగుతాయి, దారంతా చెట్ల నీడ. అక్కడ సైకిల్ ఉంటే హాయి, లేకపోయినా రోజు గడిచిపోతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ అలా కాదు. 2,100 ఎకరాల క్యాంపస్, విద్యార్థులు మోటారు బండ్లు వాడకూడదు, పొద్దున ఎనిమిదింటికే క్లాసు. అక్కడ సైకిల్ లేకపోతే పరుగే గతి.

మా పిన్ని కొడుకు ఈ ఏడాది ఆ ఖరగ్‌పూర్‌లోనే చేరుతున్నాడు. ఇల్లు విజయవాడ. వాడికో గేర్ల సైకిల్ ఉంది, ఎనిమిదో తరగతిలో తాతయ్య కొనిచ్చింది. తాతయ్య ఇప్పుడు లేరు. "అన్నయ్యా, దీన్ని రైల్లో వేసేద్దామా, లేక అక్కడే ఏదో ఒకటి కొనుక్కోనా?" అని అడిగాడు. నేనూ ఖరగ్‌పూర్‌లోనే చదివాను కాబట్టి వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ఇలాంటి టెన్షన్‌లో ఉన్న ఇళ్లు ఈ నెలలో చాలానే ఉంటాయి.

తీసుకెళ్లడంలో లాభం పెద్దదే. మన సైకిల్ మన ఒంటికి అలవాటైపోయి ఉంటుంది. సీటు ఎత్తు, బ్రేకు ఎంత నొక్కితే ఎంత పడుతుంది, ఏ గేరు దగ్గర చైన్ జారుతుంది, అన్నీ తెలుసు. ఇల్లు వదిలి తొలిసారి దూరం వెళ్లే పిల్లాడికి తెలిసిన వస్తువు ఒకటి పక్కన ఉండటం చిన్న విషయం కాదు. ఆ ధైర్యాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఒప్పుకోను.

ఇక అసలు పని రైల్వేతో. విజయవాడ నుంచి ఖరగ్‌పూర్ దాదాపు 1,100 కిలోమీటర్లు, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ రెండు చోట్లా ఆగుతుంది. సైకిల్‌ని రెండు రకాలుగా పంపొచ్చు. మన టికెట్ చూపించి లగేజీగా బుక్ చేస్తే, బ్రేక్‌వ్యాన్‌లో, అంటే రైల్లో సామాన్లు వేసే పెట్టెలో, చోటుంటే మనతోపాటే అదే బండిలో వస్తుంది. టికెట్‌తో సంబంధం లేకుండా పార్సిల్‌గా వేస్తే ఎప్పుడు చేరుతుందో మన చేతిలో ఉండదు. చేరాక వెంటనే విడిపించుకోకపోతే ఛార్జీ పడుతుంది. కాబట్టి లగేజీగానే వేయండి. రైలు బయల్దేరడానికి కనీసం అరగంట ముందే ఇవ్వాలని రూల్, కానీ ప్యాకింగు, కాగితాలు, క్యూ అన్నీ కలుపుకుని రెండు గంటల ముందు వెళితేనే నిమ్మళం. రసీదు జాగ్రత్త, అది చూపిస్తేనే అక్కడ ఇస్తారు. బండి రెండు నిమిషాలే ఆగే చిన్న స్టేషన్ నుంచి బుక్ అవుతుందని అనుకోవద్దు, పెద్ద స్టేషన్‌కే వెళ్లాలి.

ప్యాకింగు మాత్రం ఇంట్లోనే, తీరిగ్గా చేసుకోండి. హ్యాండిల్ బోల్టు వదులు చేసి, హ్యాండిల్‌ని ఫ్రేముకు సమాంతరంగా తిప్పేయాలి. పెడల్స్ రెండూ ఊడదీయాలి. కుడిది మామూలుగానే వస్తుంది. ఎడమ పెడల్‌కి మర రివర్సు, అన్ని నట్లలా ఎడమకు తిప్పితే ఇంకా బిగుసుకుపోతుంది. గేర్ల సైకిల్ అయితే వెనక చైన్‌ని అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీదకి ఎక్కించాలి. అప్పుడు డిరేలర్, అంటే చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే భాగం, లోపలికి ముడుచుకుని దెబ్బ తగలకుండా ఉంటుంది. దారిలో ముందుగా వంగేది అదే. బెల్లు, లైటు, సీసా స్టాండు తీసి మన సంచిలో పెట్టుకోవాలి. ఫ్రేముకు పాత చీర చుట్టి, పైన అట్ట, ఆ పైన గోనె. పేరు, ఫోన్ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది రెండు చోట్ల రాయాలి. ఇంత చేసినా గీతలు పడవని ఎవరూ హామీ ఇవ్వలేరు. దాని మీద ఇంకో ఇరవై పార్సిళ్లు పడతాయి.

గీతలు పడినా ఫర్వాలేదనుకుంటే అసలు కష్టం క్యాంపస్‌కి చేరాక మొదలవుతుంది. వందల సైకిళ్లు ఒకదాని మీద ఒకటి వాలి ఉండే స్టాండు. తొందరలో ఉన్నవాడు తనది లాగితే పక్క రెండు పడతాయి, చక్రాల పుల్లలు వంగుతాయి. వానాకాలమంతా గొలుసు తడుస్తూనే ఉంటుంది. చెన్నై లాంటి చోట్ల సముద్రపు గాలి దీనికి తోడు, తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. వేసవి సెలవుల్లో రెండు నెలలపైనే సైకిల్ ఒంటరిగా నిలబడాలి. గాలి దిగిపోయి, బరువంతా రబ్బరు మీద పడి, టైరు అంచులు పగుళ్లిస్తాయి. ఇక దొంగతనం సంగతి. సీటు కింద ఉండే రింగు తాళం వెనక చక్రం తిరగకుండా ఆపుతుందే కానీ, సైకిల్‌ని ఎత్తుకుపోతుంటే ఆపలేదు. ఫ్రేమునీ చక్రాన్నీ కలిపి, పాతిపెట్టిన కమ్మీకి యూ ఆకారం తాళం వేస్తే కొంత నయం. మంచి సైకిల్‌కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. "ఒక్క రౌండు, ఇప్పుడే ఇచ్చేస్తా" అనే స్నేహితులు ఎక్కువవుతారు. వద్దంటే మనసు నొచ్చుకుంటుంది, ఇస్తే ప్రాణం కొట్టుకుంటుంది.

అక్కడే సెకండ్‌హ్యాండ్‌ది కొంటే ఈ బాధలేవీ ఉండవు. పోయినా, వంగినా, ఎవరైనా అడిగినా నిద్ర చెడదు. కొత్తదాని ధరలో సగానికో ఇంకా తక్కువకో దొరుకుతుంది, చదువైపోయాక జూనియర్‌కి అమ్మేయొచ్చు. కాకపోతే చూసి కొనాలి. చక్రం పైకెత్తి తిప్పండి, రిమ్ము బ్రేకు రబ్బరుకు ఒకచోట తగిలి ఒకచోట తగలకపోతే బెండు తీయించాలి. పెడల్ కడ్డీని పట్టుకుని పక్కలకు ఊపండి, టకటకలాడితే లోపల బేరింగులు పోయినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. హ్యాండిల్ కింద ఫ్రేము అతుకుల దగ్గర పగులు కనిపిస్తే వదిలేయండి. ఫ్రేము నంబరు సాధారణంగా పెడల్ ఇరుసు కింద కొట్టి ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీసి ఉంటే ఎంత చవకైనా ముట్టుకోవద్దు, అది ఎవరో పోగొట్టుకున్న సైకిల్. పంచర్ షాపులో భాష రాదని బెంగ కూడా అక్కర్లేదు. ఖరగ్‌పూర్ రైల్వే ఊరు, తరాల కిందట స్థిరపడ్డ తెలుగువాళ్లు అక్కడ బాగానే ఉన్నారు.

కొత్తది కొనడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గేర్లు లేని సాదాది అయితే సరే. మొదటి నెలలోనే మెరిసిపోయే ఖరీదైనది కొనడం డబ్బు దండగ.

ఇక "ఇంట్లో ఉంచితే భద్రం" అనే మాట. అందరూ అనే ఈ మాటే నాకు అనుమానం. ఎవరూ తొక్కని సైకిల్ ఇంట్లో ఉన్నా పాడవుతుంది. మేడ మెట్ల కింద నిలబెట్టి నాలుగేళ్ల తర్వాత చూస్తే ట్యూబులు అతుక్కుపోయి, గొలుసు బిర్రబిగిసి ఉంటుంది. ఈలోగా పాతసామాన్లవాడు వచ్చినరోజు ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పలేం. కాబట్టి ఇంట్లో ఉంచడం మేలా కాదా అన్నది అక్కడ దాన్ని ఎవరు తొక్కుతారు అన్నదాన్ని బట్టే ఉంటుంది. తొక్కే మనిషి ఉంటే ఉంచండి. లేకపోతే, సాదా సైకిల్ అయితే వెంట తీసుకెళ్లడమే నయం. గేర్లది, ఖరీదైనది అయితే నమ్మకమైన బంధువులకు వాడుకోమని ఇవ్వండి.

మావాడి విషయంలో తేలిక అయింది. చెల్లెలు తొమ్మిదో తరగతి, ట్యూషన్‌కి ఆటోలో వెళ్తోంది. "సైకిల్ దానికివ్వు, నువ్వు అక్కడ సెకండ్‌హ్యాండ్ చూసుకో" అన్నాను. మొదట ముఖం మాడ్చుకున్నాడు. తర్వాత వాడే సీటు కిందకి దించి, పదిహేను రోజులకోసారి గాలి చూడాలని, వానలో తడిస్తే గొలుసు తుడిచి నూనె వేయాలని దానికి నేర్పాడు. ఫ్రేము నంబరు ఫోటో తీసి పెట్టుకున్నాడు. ఒకవేళ పోతే పోలీసు ఫిర్యాదులో రాయడానికి అదే ఆధారం.

ఇది మొదటి సెమిస్టర్ వరకే. దసరా సెలవులకు ఇంటికొచ్చేసరికి వాడికి కొన్ని సంగతులు తెలిసి ఉంటాయి: హాల్ (అక్కడ హాస్టల్‌ని అలాగే అంటారు) స్టాండుకి పైకప్పు ఉందా, సైకిల్‌ని గదిలోనో వరండాలోనో పెట్టుకోనిస్తారా, క్లాసులకు కాక ఆదివారాలు ఊరి బయటికి దూరం తొక్కే జట్టు ఏదైనా దొరికిందా. మూడింటికీ అవుననే జవాబు వస్తే, తిరుగు ప్రయాణంలో లగేజీ ఆఫీసుకి నేనే తోడు వెళ్తానని చెప్పాను. అప్పుడు చెల్లికి వేరే సైకిల్ కొనే పూచీ కూడా నాదే.