ఫుజి కొండని ఏ వైపు నుంచి చూడాలి? యమనాషియా, షిజువోకానా: ఏది మేలు?

జపాన్‌లోని 3,776 మీటర్ల ఫుజి కొండ రెండు ప్రిఫెక్చర్ల (మన రాష్ట్రాల్లాంటి పాలనా విభాగాల) మధ్య నిలబడి ఉంది. ఉత్తరాన యమనాషి, దక్షిణాన షిజువోకా. శిఖరం మీద ఈ రెండింటి మధ్య సరిహద్దు గీత ఇప్పటికీ ఖరారు కాలేదు. టోక్యో నుంచి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఆలోచించకుండా యమనాషిలోని కవాగుచికోకి టికెట్ కొనేస్తారు. ఒక్కరోజే ఉంటే అది సరైన పనే. రెండు రాత్రులు ఉండి, అదీ చలికాలమైతే, నా ఓటు షిజువోకాకే.

ముందు ఎండ సంగతి చూద్దాం, ఫోటోలు చెడేది అక్కడే. కవాగుచికో సరస్సు ఉత్తర గట్టున ఓయిషి పార్కులో నిలబడితే మీరు చూసేది దక్షిణం వైపు. చలికాలంలో సూర్యుడు కూడా ఆ వైపే కిందుగా తిరుగుతాడు. పదకొండు దాటాక ఎదురెండలో కొండ నల్లటి నీడలా మిగులుతుంది, మంచు మెరుపు కనబడదు. అందుకే అక్కడ రాత్రి బస చేసి, గాలి లేవకముందే, తెల్లవారిన మొదటి రెండు గంటల్లో చూడాలి. నీళ్లలో కొండ నీడ కనబడేదీ అప్పుడే. షిజువోకా వైపు దీనికి తిరగేసి ఉంటుంది. మిహో నో మత్సుబరా పైన్ తోపు నుంచి గానీ, సత్తా కనుమ నుంచి గానీ కొండ ఈశాన్యంలో ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం తర్వాత ఎండ నేరుగా కొండ మొహం మీద పడుతుంది. ఒకటే మినహాయింపు, కొండకి పడమట ఉన్న తనుకి సరస్సు. అక్కడ ఉదయం ఎదురెండే. అయితే ఏప్రిల్ 20, ఆగస్టు 20 ప్రాంతాల్లో సూర్యుడు సరిగ్గా శిఖరం మీద ఉదయిస్తాడు. దాన్ని డైమండ్ ఫుజి అంటారు.

ఇక మబ్బులు. వెచ్చని నెలల్లో సురుగా అఖాతం నుంచి తేమగాలి దక్షిణపు వాలు ఎక్కి మబ్బు కడుతుంది. పొద్దున్న కనబడిన కొండ పది గంటలకే మాయమవుతుంది. వేసవిలో షిజువోకాకి ఉన్న పెద్ద లోపం ఇదే. ఉత్తరం వైపు కూడా హామీ లేదు గానీ కాస్త నయం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా రెండు వైపులా ఆకాశం పొడిగా, తేటగా ఉంటుంది.

ఆకారం చూస్తే యమనాషి వైపు కొండ రెండు పక్కలా సమంగా ఉంటుంది. దక్షిణం నుంచి చూస్తే కుడి భుజం మీద గుంట కనబడుతుంది. అది 1707 నాటి హోయెయ్ పేలుడు వదిలిన బిలం. కొండ చివరిసారి బద్దలైంది అప్పుడే, బూడిద ఎదో నగరం దాకా, అంటే నేటి టోక్యో దాకా వెళ్లి పడింది. ఆ గుంటని లోపంగా చూడకండి. ఇది అగ్నిపర్వతమని కళ్లకు చూపించేది అదే.

చేరడం దగ్గర పొరపాట్లు ఎక్కువ. టోక్యోలోని షింజుకు స్టేషన్ నుంచి కవాగుచికోకి నేరుగా వెళ్లే ఫుజి ఎక్స్‌కర్షన్ రైలుకి సుమారు రెండు గంటలు పడుతుంది. సీట్లన్నీ రిజర్వేషనే, పూలకాలంలో ముందే నిండిపోతాయి. దొరక్కపోతే చువో లైన్ ఎక్స్‌ప్రెస్‌లో ఒత్సుకి దాకా వెళ్లి, ఫుజిక్యూ లైన్‌కి మారండి. ఒత్సుకి తర్వాతి ముక్క ప్రైవేటు రైలుమార్గం కాబట్టి జపాన్ రైల్ పాస్ చెల్లదు, విడిగా డబ్బు కట్టాలి. బస్సు చవక. కానీ ఆదివారం సాయంత్రం తిరుగు బస్సుని నమ్ముకుని అదే రాత్రి విమానం పెట్టుకోవద్దు, కొబోతోకే సొరంగం దగ్గర హైవే ఆగిపోతుంది.

షిజువోకాలో షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) స్టేషన్లు ఆరు ఉన్నాయి. అన్నిటికన్నా వేగమైన నొజోమి వాటిలో ఒక్కదాంట్లోనూ ఆగదు. టోక్యో నుంచి షిజువోకా స్టేషన్‌కి, తక్కువ చోట్ల ఆగే హికారి రైలు ఎక్కితే సుమారు గంట. షిన్-ఫుజికైతే అన్ని స్టేషన్లలోనూ ఆగే కొదామా రైళ్లే దిక్కు. పేర్లు కూడా తికమక పెడతాయి. షిన్-ఫుజి, ఫుజి రెండూ షిజువోకాలోనివే, కానీ ఒకదానితో ఒకటి కలవవు, మధ్యలో బస్సో టాక్సీయో ఎక్కాలి. ‘ఫుజిసాన్’ అనే స్టేషన్ మాత్రం యమనాషిలో, కవాగుచికో లైన్ మీద ఉంది. ఆగకుండా క్యోటో వెళ్లిపోయేవాళ్లు టోక్యోలో షింకాన్‌సెన్‌కి E సీటు అడిగి తీసుకోండి, కొండ కుడివైపే వస్తుంది.

ఎక్కాలనుకునేవాళ్లకి నాలుగు దారులు. యోషిదా ఒక్కటే యమనాషిది. సుబషిరి, గోతెంబా, ఫుజినోమియా షిజువోకావి. తొలిసారి ఎక్కేవాళ్లకి యోషిదా మేలు. 2,305 మీటర్ల దగ్గర మొదలవుతుంది, విశ్రాంతి గుడిసెలు ఎక్కువ, దారి తూర్పు మొహంగా ఉండడంతో శిఖరం చేరకపోయినా సూర్యోదయం దక్కుతుంది. ఫుజినోమియా సుమారు 2,400 మీటర్ల నుంచి మొదలై, నాలుగింటిలోనూ పొట్టిది, అందుకే నిటారు కూడా. ఎక్కేదీ దిగేదీ ఒకే దారి, రద్దీ రోజుల్లో ఎదురెదురుగా ఆగిపోతారు. కానీ శిఖరం మీద అసలు ఎత్తైన చోటు కెంగామినె ఈ దారి కొసకే దగ్గర. యోషిదా నుంచి వచ్చినవాళ్లు శిఖరం మీది బిలం అంచు చుట్టి అక్కడికి వెళ్లాలి. పూర్తి ప్రదక్షిణకి గంటన్నర పడుతుంది. గోతెంబా సుమారు 1,440 మీటర్ల నుంచి మొదలు. మోకాళ్లు గట్టివైతే తప్ప వద్దు.

యోషిదా వాళ్లు దిగేటప్పుడు ఒక తప్పు తరచూ చేస్తారు. ఎనిమిదో స్టేషన్ (కొండ దారిలోని మజిలీ) దగ్గర సుబషిరి దారి చీలుతుంది. అలసటలో ముందున్నవాళ్ల వెనకే నడిచి షిజువోకాలో తేలతారు, సామాను, బస్సు యమనాషిలో ఉండిపోతాయి. పసుపు బోర్డు యోషిదా, ఎరుపు సుబషిరి. చీలిక దగ్గర ఆగి రంగు చూసుకోండి. 2025 నుంచి ఏ దారికైనా 4,000 యెన్ల రుసుము. గుడిసె బుకింగ్ లేనివాళ్లని మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజాము 3 దాకా లోనికి పంపరు. యమనాషి దారి జులై మొదట్లోనే తెరుస్తారు, షిజువోకావి జులై 10న. అన్నీ సెప్టెంబరు 10 దాకానే.

చరిత్రకొస్తే రెండూ పక్కపక్కనే ఉన్న పాత శత్రువులు. యమనాషి అప్పటి కాయ్ రాజ్యం, 16వ శతాబ్దపు యుద్ధ ప్రభువు తకెదా షింగెన్‌ది. సముద్రం లేదు. దక్షిణాన ఇమగావా వంశం ఉప్పు ఆపేస్తే కొండ వెనక జనం అల్లాడారు. 1568లో షింగెన్ దక్షిణానికి దండెత్తి ఇమగావాల సురుగా రాజ్యాన్ని (నేటి షిజువోకాలో ఒక భాగం) పట్టుకున్నాడు. ఇవాళ యమనాషి రాజధాని కోఫులో ఆయన కోట ఉన్న చోట గుడి ఉంది, చూడటానికి గంట చాలు. షిజువోకాలో చూడాల్సింది చాలా ఎక్కువ. తొకుగావా షోగన్ల (సైనిక పాలకుల) వంశాన్ని నిలబెట్టిన తొకుగావా ఇయెయాసు బాల్యంలో బందీగా, ముసలితనంలో ఏలికగా సున్పులోనే, అంటే నేటి షిజువోకా నగరంలోనే ఉన్నాడు. 1616లో చనిపోతే కునోజాన్ కొండ మీద పాతిపెట్టారు. సముద్రం వైపు నుంచి 1,159 మెట్లు. ఎక్కలేకపోతే నిహోన్‌దైరా నుంచి రోప్‌వే ఉంది, అదే గుట్ట మీద ఫుజి కూడా కనిపిస్తుంది. ఎదో నుంచి క్యోటోకి వెళ్లే తొకైదో బాటలోని 53 మజిలీల్లో 22 ఈ ప్రిఫెక్చర్‌లోనివే. మన రోడ్ల మీది మారుతి కార్ల వెనక ఉన్న సుజుకి కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా ఇక్కడి హమమత్సులోనే.

యమనాషి బలం నేలలో ఉంది. 864 నాటి లావా పెద్ద సరస్సుని చీల్చి సాయ్, షోజి సరస్సులుగా చేసింది. ఆ లావా మీద పెరిగిందే అఒకిగహరా అడవి. చురెయితో పగోడాకి 398 మెట్లు. అక్కడ చెర్రీ పూలు టోక్యోకన్నా ఆలస్యంగా, ఏప్రిల్ మధ్యలో పూస్తాయి. ద్రాక్ష, పీచ్ పంటల్లో జపాన్‌లో మొదటి స్థానం ఈ ప్రిఫెక్చర్‌దే.

తిండి విషయంలో శాకాహారులకి ఒక జాగ్రత్త. యమనాషి హోతో, గుమ్మడికాయ ముక్కలు వేసిన వెడల్పాటి నూడిల్స్ పులుసు, చూడటానికి శాకాహారమే. రసం మాత్రం చాలా చోట్ల ఎండుచేపలతో తీస్తారు, అడగకుండా తినొద్దు. షిజువోకా అంతా చేపలు, రొయ్యలే. అక్కడ టీ తోటలు, వసాబి మళ్లు చూడటానికి బాగుంటాయి గానీ, శాకాహారి కడుపు నిండటం యమనాషిలోనే కాస్త తేలిక.

రెండూ చూడాలంటే ముందు కవాగుచికోలో ఒక రాత్రి ఉండి, తెల్లారి సరస్సు చూసి, బస్సులో మిషిమాకి దిగండి. అక్కడి నుంచి షిజువోకా నగరానికి చేరితే మధ్యాహ్నపు ఎండ కొండకి సరైన వైపున ఉంటుంది. బస్సులు రోజుకి కొన్నే, టైములు ముందురోజే రాసిపెట్టుకోండి.