25 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్ చుట్ట: బడి ల్యాబ్‌కు కొనొచ్చా?

ల్యాబ్ సామాన్ల దుకాణాల్లో ప్లాస్టిక్ డబ్బాలో అమ్మే చుట్ట ఇది. కొనొచ్చు. క్షారమృత్తిక లోహాల్లో (మెగ్నీషియం, కాల్షియం ఉండే వర్గం) బడి పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వగలిగింది ఇదొక్కటే. కాకపోతే డబ్బా మీద అచ్చేసిన స్వచ్ఛత శాతం కన్నా రిబ్బన్ రంగు చూసి తీసుకోవడం మేలు.

లేత బూడిద రంగు ఉంటే ఫరవాలేదు, అది పలచటి ఆక్సైడ్ పొర. వేలికి అంటుకునే తెల్లటి పొడి ఉన్నా, వంచగానే పుటుక్కున విరిగినా తేమ తగిలిన సరుకన్నమాట, తిప్పి పంపేయండి. బాగున్నదైతే ఒక మీటరు కొలిచి తూయండి. 3 మి.మీ. వెడల్పు, 0.2 మి.మీ. మందం ఉన్న రిబ్బన్ మీటరుకు దాదాపు ఒక గ్రాము తూగుతుంది. ఆ లెక్కన చుట్టలో 24 మీటర్లు, అంటే 4 సెం.మీ. ముక్కలు ఆరు వందల దాకా వస్తాయి. పెద్ద బడికి కూడా ఏడాది దాటి సరిపోతుంది.

మండించే ముందు ఉప్పు కాగితంతో రెండు వైపులా మెరిసేదాకా రుద్దాలి. రుద్దని ముక్క స్పిరిట్ దీపం మీద ఎంతసేపు పెట్టినా ఎర్రబడి వంగుతుందే తప్ప తొందరగా అంటుకోదు. ‘మీ రిబ్బన్ మండట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. పట్టుకారుతో దూరంగా పట్టుకోవాలి, మంటను నేరుగా చూడనివ్వకూడదు. కింద ఇసుక పళ్ళెం తప్పనిసరి.

ఈ చుట్ట అసలు విలువ తెలిసేది మూసలో (క్రూసిబుల్, అంటే వేడికి తట్టుకునే మూత గిన్నెలో) వేడి చేసి బరువు తూచే ప్రయోగంలో. అర మీటరు, అంటే 0.50 గ్రాముల రిబ్బన్ వదులుగా చుట్టి వేడి చేస్తే లెక్క ప్రకారం 0.83 గ్రాముల ఆక్సైడ్ రావాలి. ఎప్పుడూ తక్కువే వస్తుంది. మూత ఎక్కువగా ఎత్తితే తెల్లటి పొగ రూపంలో ఆక్సైడ్ బయటికి పోతుంది. అసలు ఎత్తకపోతే గాలి చాలదు. మూడో కారణం చాలామందికి తట్టదు: కొంత మెగ్నీషియం నైట్రోజన్‌తో కలిసి నైట్రైడ్ అవుతుంది. మూస పూర్తిగా చల్లారాక నాలుగైదు చుక్కల నీళ్ళు వేస్తే అమ్మోనియా వాసన వస్తుంది, తడి ఎర్ర లిట్మస్ ఆవిరిలో పెడితే నీలిగా మారుతుంది. ఆ తర్వాత మొదట సన్నటి మంట మీద ఆరబెట్టి, మళ్ళీ గట్టిగా వేడి చేసి తూయండి, లెక్క దగ్గరికి వస్తుంది. త్రాసు 0.01 గ్రాము చూపేదై ఉండాలి.

ఆమ్లంతోనూ నమ్మకంగానే పనిచేస్తుంది. 2 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 10 మి.లీ.లో రుద్దిన 4 సెం.మీ. ముక్క వేస్తే 41 మి.లీ. దాకా హైడ్రోజన్ రావాలి. నీటి మీద సేకరిస్తే ఒకటి రెండు మి.లీ. ఎక్కువ కనిపిస్తుంది, అది నీటి ఆవిరి వాటా. తక్కువొస్తే ముక్క సరిగ్గా రుద్దలేదనుకోండి, ఆక్సైడ్ కూడా ఆమ్లంలో కరుగుతుంది గానీ హైడ్రోజన్ ఇవ్వదు.

చన్నీళ్ళలో మాత్రం ఏమీ జరగనట్టే ఉంటుంది. కరగని హైడ్రాక్సైడ్ పొర లోహాన్ని కప్పేస్తుంది. వేడి నీళ్ళలో రెండు చుక్కల ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగెక్కే సూచిక) వేస్తే రిబ్బన్ చుట్టూ గులాబీ రంగు మెల్లగా పాకుతుంది.

నిల్వకు బిగుతు డబ్బా, లోపల ఒక సిలికా జెల్ పొట్లం చాలు. మంట అదుపు తప్పితే పొడి ఇసుకే పోయాలి. నీళ్ళూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరావు, ఆ వాయువులో కూడా మెగ్నీషియం మండుతుంది, నల్లటి కార్బన్ మిగుల్తుంది.

దీనితో పాటు అంటగట్టే కాల్షియం ముక్కల సీసాకు అంత మంచి మాట చెప్పలేం. తాజాగా ఉన్నప్పుడు 0.15 గ్రాముల ముక్క 100 మి.లీ. చన్నీళ్ళలో బుసబుసమని పొంగుతుంది. నీళ్ళు తెల్లబడతాయి, వడపోస్తే సున్నపు తేట చేతికొస్తుంది. కానీ సీసా తరచూ తెరిస్తే తేమకు ముక్కలు తెల్లబారి పొడవుతాయి, ఆ పొడిలో లోహం పెద్దగా మిగలదు. రిబ్బన్‌కు ఐదుకు నాలుగున్నర ఇవ్వొచ్చు, కాల్షియంకు రెండు. తప్పనిసరైతే అతి చిన్న సీసా, అదీ ప్రాక్టికల్స్‌కు కాస్త ముందు తెప్పించుకోండి.